డంప్ యార్డ్ దగ్గర మీ మట్టి లోహాలను పట్టి ఉంచుతోందా? ఇంటి పరీక్ష నుంచి ల్యాబ్ రిపోర్టు దాకా

"మా ప్లాటుకు కిలోమీటరు దూరంలో డంప్ యార్డ్ ఉంది. మట్టి అన్నిటినీ వడగడుతుంది కదా, మరి కూరగాయలు పెంచుకోవచ్చా? బోరు నీళ్లు తాగొచ్చా?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ చుట్టుపక్కల కాలనీల వాళ్లు అడుగుతారు, విశాఖలో కాపులుప్పాడ వైపు వాళ్లూ అడుగుతారు. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. మీ నేల ఏమిటో, నీటి వాలు ఎటో, పీహెచ్ (నేల ఆమ్లమా, క్షారమా అని చెప్పే అంకె, 7 కంటే తగ్గితే ఆమ్లం) ఎంతో తెలియాలి. అవి మీరే తెలుసుకునే పద్ధతి ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ముందు కాస్త సిద్ధాంతం, ఇంతకు మించి అక్కర్లేదు. చెత్తలో పాత బ్యాటరీలు, పెయింట్లు, ట్యూబ్‌లైట్లు, వైర్లు, రంగు ప్లాస్టిక్, టైర్లు ఉంటాయి. వాన నీరు ఆ గుట్టలోంచి దిగి నల్లటి ఊటగా బయటికి వస్తుంది, దాన్నే లీచేట్ అంటారు. అందులో సీసం, కాడ్మియం, నికెల్, క్రోమియం, రాగి, జింకు, పాదరసం లాంటివి కరిగి వస్తాయి. మట్టిలోని బంకకు, కుళ్లిన సేంద్రియానికి రుణావేశం ఉంటుంది, లోహాలకు ధనావేశం, అందుకే అతుక్కుంటాయి. నేలకు ఎరుపు రంగునిచ్చే ఇనుప ఆక్సైడ్లు కూడా లోహాలను పట్టుకుంటాయి. నేలలో సున్నం ఉంటే కొన్ని లోహాలు కార్బనేట్లుగా గట్టిపడి అక్కడే కూర్చుంటాయి.

ఒక్క మాట గుర్తుంచుకోండి: మట్టి లోహాన్ని నాశనం చేయదు. అది వడపోత యంత్రం కాదు, గోదాం. గోదాం నిండవచ్చు, తలుపు తెరుచుకోవచ్చు. కింద చెప్పే పనులన్నీ ఆ తలుపు మూసి ఉంచడానికే.

కావలసినవి

- స్టీలు తాపీ గానీ వెదురు పుల్ల గానీ. ప్లాస్టిక్ బకెట్ (జింకు పూత రేకు బకెట్ వద్దు)
- కొత్త ప్లాస్టిక్ కవర్లు, పెన్సిల్, చీటీలు, రబ్బరు గ్లవ్స్, మాస్క్
- పీహెచ్ స్ట్రిప్స్ (అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి), డిస్టిల్డ్ వాటర్
- తెల్ల వెనిగర్
- లీటరు వాటర్ బాటిళ్లు 3, దూది, బాగా కడిగిన ఏటి ఇసుక
- మైలుతుత్తం 10 గ్రాములు (బోర్డో మిశ్రమానికి వాడేదే, ఎరువుల షాపులో ఇస్తారు)
- ఇనుప మేకులు, గరుకు కాగితం

1. నీరు ఎటు పోతోందో చూడండి

మట్టి తవ్వే ముందు ఒక వాన పడ్డాక బయటికి వెళ్లి చూడండి. డంప్ వైపు నుంచి మీ వైపుకు వాలు ఉందా? కాలువ, వాగు, చెరువు అలుగు ఏదైనా మీ స్థలం పక్కగా పోతోందా? నీరు నల్లగా, నురగగా, ఘాటు వాసనతో ఉంటే అది లీచేట్ కలిసిన నీరే అనుకుని జాగ్రత్తపడండి. జవహర్‌నగర్ కింద మల్కారం చెరువు లీచేట్ చేరి ఎలా పాడైందో ఆ చుట్టుపక్కల వాళ్లకు చెప్పనక్కర్లేదు.

దూరం ఒక్కటే చూసుకుని ధైర్యంగా ఉండకండి. వాలుకు ఎగువన అర కిలోమీటరులో ఉన్న ఇంటి కంటే, దిగువన 2 కిలోమీటర్లలో కాలువ గట్టున ఉన్న పొలానికే ప్రమాదం ఎక్కువ కావచ్చు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ల్యాండ్‌ఫిల్ (చెత్త పూడ్చే చోటు) అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి పొర, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు ఉండాలన్నాయి. మన ఊళ్లలో పాత డంపులు చాలావరకు ఇవేవీ లేకుండా నేల మీదే పోసినవి. కాబట్టి కింద ఉన్న మట్టే దిక్కు.

2. మట్టి తీయడం: సగం తప్పులు ఇక్కడే

గ్లవ్స్ వేసుకోండి. మడి అంతటా అడ్డదిడ్డంగా నడుస్తూ 10 నుంచి 15 చోట్ల మట్టి తీయాలి. పైన ఆకులు, చెత్త పక్కకు తోసి, ఇంగ్లిషు 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, ఒక పక్క గోడను పై నుంచి కింది దాకా పలుచగా చెక్కండి. అన్నీ బకెట్‌లో కలిపి, కుప్పను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. అర కిలో మిగిలే దాకా అలాగే చేయండి.

ఇక్కడితో ఆపేస్తే సగం సమాచారమే వస్తుంది. అవే గుంటల్లో 3, 4 చోట్ల ఇంకా లోతుకు దిగి, 30 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య మట్టిని విడిగా తీయండి. నేల లోహాన్ని పట్టిందా, కిందికి వదిలేసిందా అన్నది ఈ రెండు లోతుల తేడాలోనే తెలుస్తుంది.

మూడో నమూనా చాలామంది మర్చిపోతారు. అదే పోలిక నమూనా. అదే రకం నేల, కానీ డంప్‌కు ఎగువన, రోడ్డుకు దూరంగా ఉన్న చోటు నుంచి తీయండి. దానితో పోల్చకపోతే మీ మట్టిలో ఉన్న నికెల్ చెత్త నుంచి వచ్చిందో, ఆ నేల పుట్టిన రాతిలోనే ఉందో ఎవరూ చెప్పలేరు.

ఈ చోట్ల తీసిన మట్టిని మిగతా వాటితో కలపకండి: పెయింట్ వేసిన గేటు కింద, చూరు నీళ్లు పడే చోట, చెత్త తగలబెట్టిన చోట, బండి రిపేరు చేసే చోట. వాటి మీద అనుమానం ఉంటే విడిగా తీయండి. పోయిన నెలలో ఎరువు వేసి ఉంటే ఆగండి. నీడలో తెల్ల కాగితం మీద ఆరబెట్టండి, ఎండలో వద్దు. చీటీ పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఇంకు తడికి చెదిరిపోతుంది.

3. ఇంట్లో మూడు చిన్న పరీక్షలు

రిబ్బన్ పరీక్ష: గుప్పెడు మట్టిని చపాతీ పిండిలా తడిపి, బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కుతూ పట్టీలా బయటికి తోయండి. 2.5 సెంటీమీటర్ల లోపే తెగిపోతే ఇసుక పాలు ఎక్కువ, అంటే చెల్కా, దుబ్బ నేల. 5 సెంటీమీటర్లు దాటి సాగితే బంక నేల. నల్లరేగడి ఇంకా పొడవుగా సాగి వేళ్లకు అంటుకుంటుంది. నల్లరేగడిలో ఉండే బంక లోహాలను పట్టే సామర్థ్యం, ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కయోలినైట్ బంక కంటే ఎన్నో రెట్లు.

వెనిగర్ పరీక్ష: పొడి మట్టి మీద నాలుగు చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకోండి. బుసబుస వినిపించినా, బుడగలు కనిపించినా నేలలో సున్నం ఉంది. అది మీకు రక్ష.

పీహెచ్: 20 గ్రాముల మట్టి, 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ గాజు గ్లాసులో వేసి కలుపుతూ అరగంట ఉంచండి. పైకి తేరిన నీటిలో స్ట్రిప్ ముంచండి. 6.5 కంటే తక్కువ వస్తే సీసం, కాడ్మియం, జింకు, నికెల్ పట్టు సడలడం మొదలవుతుంది. 5.5 కంటే తక్కువైతే ఇక ఆలస్యం చేయకండి. బోరు నీటితో ఈ పరీక్ష చేయకండి. మన బోర్ల నీటిలో బైకార్బనేట్లు ఎక్కువ, మట్టి అంకె కాకుండా నీటి అంకె చూపిస్తుంది.

4. మైలుతుత్తం బాటిల్ పరీక్ష

మీ మట్టి పట్టును కళ్లతో చూడాలంటే ఇదొక్కటి చేయండి. బడి పిల్లలకు చూపించడానికి కూడా బాగుంటుంది, పెద్దవాళ్లు పక్కన ఉండాలి అంతే. సీసం, కాడ్మియం లవణాలతో ఇంట్లో ఎప్పుడూ ప్రయోగాలు చేయకండి. రాగి చాలు.

మూడు బాటిళ్ల అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి. మూతికి దూది కూరి, దాని మీద రెండు చెంచాల ఇసుక పోయండి. మొదటి దానిలో 200 గ్రాముల ఇసుక మాత్రమే. రెండో దానిలో మీ మట్టి 100 గ్రాములు, ఇసుక 100 గ్రాములు కలిపి. మూడో దానిలో పోలిక నమూనా మట్టి, ఇసుక అదే లెక్కన. ఇసుక ఎందుకంటే, ఉత్త నల్లరేగడిలోంచి నీరు రోజంతా కూర్చున్నా దిగదు. బాటిల్‌ను మెల్లగా తడుతూ మట్టి కుదురుకునేలా చేయండి. పైన ఒక వడపోత కాగితం ముక్క పెట్టండి, లేకపోతే పోసిన నీరు గుంట చేసుకుని దిగిపోతుంది.

ముందు మంచి నీరు పోసి తడపండి. తర్వాత లీటరు నీటిలో 2 గ్రాముల మైలుతుత్తం కరిగించి, ఒక్కో బాటిల్‌లో 100 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. కింద గ్లాసులో పట్టిన నీటిలో, గరుకు కాగితంతో మెరిసేలా రుద్దిన మేకును గంట సేపు ఉంచండి. మేకు మీద ఎర్రటి రాగి పూత వస్తే రాగి దాటి వచ్చినట్టు. మేకు అలాగే ఉంటే మట్టి పట్టేసినట్టు. ప్రతి పోతకూ కొత్త మేకు వాడుతూ, ఎన్నో పోతలో పూత కనిపించిందో రాసుకోండి.

ఇసుక దాదాపు మొదటి పోతలోనే రాగిని వదిలేస్తుంది, పైనుంచి పోసిన లేత నీలమే కింద కనిపిస్తుంది. ఎర్రనేల కొంతసేపు పడుతుంది. మంచి నల్లరేగడి అయితే మీకే విసుగొచ్చేదాకా పట్టుకుని కూర్చుంటుంది.

అసలు చూడాల్సింది ఆ తర్వాత. మంచి నీరు పోసి కడగండి, మేకుకు పూత రాని దాకా. ఇప్పుడు 100 మిల్లీలీటర్ల వెనిగర్ పోయండి. కిందికి వచ్చిన దానిలో మేకు పెడితే ఎర్రపూత మళ్లీ వస్తుంది. ఇందాక మట్టి గట్టిగా పట్టుకున్న రాగే ఇది. కొత్త చెత్త కుళ్లేటప్పుడు వచ్చే లీచేట్‌లో ఎసిటిక్ ఆమ్లం లాంటివే ఉంటాయి. అమెరికాలో ఒక వ్యర్థం ప్రమాదకరమా కాదా అని తేల్చే టీసీఎల్‌పీ పరీక్షలో కూడా ఎసిటిక్ ఆమ్లంతోనే దాదాపు 18 గంటలు కలియబెడతారు. మీ మట్టిలో సున్నం ఉంటే మొదటి వెనిగర్ బుసబుసమంటూ అక్కడే ఖర్చయిపోతుంది, రాగి ఆలస్యంగా వస్తుంది. సున్నం ఎందుకు ముఖ్యమో దీనికంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఫలితం తేడాగా వస్తే ముందు బాటిల్ గోడను చూడండి. నీరు మట్టిలోంచి కాకుండా గోడ పక్కగా జారిపోతే మంచి మట్టి కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. అలాంటప్పుడు మళ్లీ నింపి చేయండి.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. రాగి, సీసం మట్టికి గట్టిగా అతుక్కునేవి. జింకు, నికెల్, కాడ్మియం వదులుగా ఉండేవి. మీ మట్టి రాగినే పట్టలేకపోతే కాడ్మియంను పట్టదనుకోవచ్చు. కానీ రాగిని పట్టింది కదా అని కాడ్మియంను కూడా పట్టినట్టే అనుకోవద్దు.

పారేయడం: మిగిలిన నీలి నీటిని చెరువులో, కాలువలో పోయకండి, చేపలకు విషం. తడి సున్నం కలిపితే రాగి నీలి మడ్డిగా కిందికి దిగుతుంది. ఆ మడ్డినీ, వాడిన మట్టినీ ఆరబెట్టి, కవర్లో కట్టి, ఇంటి ప్రమాదకర చెత్తతో ఇవ్వండి. ఆ మట్టిని కుండీల్లో వాడకండి. వాడిన గ్లాసులు మళ్లీ వంటింట్లోకి తేవద్దు.

5. ల్యాబ్‌కు పంపడం

"మాకు సాయిల్ హెల్త్ కార్డు ఉంది, అందులో అన్నీ బాగున్నాయి" అంటారు చాలామంది రైతులు. 2015లో మొదలైన ఆ కార్డులో 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. సీసం లేదు, కాడ్మియం లేదు. అది పంటకు పోషకాలు చెప్పే కార్డు, విషం చెప్పే కార్డు కాదు. అయితే అందులోని పీహెచ్, సేంద్రియ కర్బనం మనకు పనికొస్తాయి, పారేయకండి.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌ను వెతకండి. భారలోహాలకు కూడా ఆ గుర్తింపు ఉందా అని అడగండి, కొన్నిటికి నీటి పరీక్షలకే ఉంటుంది. రెండు రకాల పరీక్షలు కావాలని స్పష్టంగా రాసివ్వండి: ఆమ్లంలో కరిగించి తీసే మొత్తం లోహం, డీటీపీఏ ద్రావణంతో తీసే అందుబాటు లోహం. మొదటిది గోదాంలో ఎంత సరుకుందో చెబుతుంది, రెండోది మొక్కకు అందేది ఎంతో చెబుతుంది. సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, రాగి, జింకు, ఆర్సెనిక్, పాదరసం, ఈ ఎనిమిదీ అడగండి. డబ్బు చాలకపోతే సీసం, కాడ్మియం రెండింటితో మొదలుపెట్టండి, కానీ పోలిక నమూనాను మాత్రం వదలొద్దు.

6. రిపోర్టు చదవడం

అంకెలు కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో ఉంటాయి. మామూలు నేలల్లో సీసం 10 నుంచి 40 దాకా, కాడ్మియం 1 లోపు ఉంటుంది. మన దేశంలో పరిశోధకులు ఎక్కువగా వాడే హద్దులు సీసానికి 250 నుంచి 500, కాడ్మియంకు 3 నుంచి 6, నికెల్‌కు 75 నుంచి 150, జింకుకు 300 నుంచి 600. పిల్లలు ఆడుకునే ఇంటి మట్టికి నేనైతే ఇంత ఉదారంగా ఉండను. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల దగ్గర మట్టిలో సీసానికి పాటించిన 400 హద్దును 2024లో 200కు తగ్గించింది. ఆ 200నే పట్టుకోండి.

రెండు లోతులనూ పక్కపక్కన పెట్టి చూడండి.

పైన ఎక్కువ, కింద పోలిక నమూనాతో సమానం: నేల పట్టి ఉంచుతోంది. పైమట్టిని కాపాడుకోవడమే మీ పని.

పైనా కిందా రెండూ ఎక్కువ: పట్టు సడలింది, లేదా ఆ స్థలాన్ని డంప్ మట్టితో నింపి చదును చేశారు. పాత ఓనర్‌ను, పక్కింటి వాళ్లను అడగండి. గుంటలో ప్లాస్టిక్ ముక్కలు, గాజు పెంకులు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

కింద మాత్రమే ఎక్కువ: లీచేట్ పక్క నుంచి, నేల కింద నడుస్తోంది. ఇది వస్తే వెంటనే బోరు నీరు పరీక్ష చేయించండి.

మొత్తం లోహం ఎక్కువగా ఉన్నా డీటీపీఏ అంకె తక్కువగా ఉంటే భయపడి పారిపోనక్కర్లేదు. మొత్తం ఓ మాదిరిగా ఉండి డీటీపీఏ ఎక్కువగా ఉంటే మాత్రం, సాధారణంగా ఆమ్ల నేలల్లో ఇలా వస్తుంది, కింద 7లో చెప్పిన పనులు వెంటనే మొదలుపెట్టాలి.

7. పట్టు పెంచడం

సున్నం: పీహెచ్ 6.5 లోపు ఉంటేనే. సున్నపురాయి పొడి చదరపు మీటరుకు 250 గ్రాములు (ఎకరాకు ఇంచుమించు ఒక టన్ను) చల్లి, 15 సెంటీమీటర్ల లోతు దాకా కలిపి, తడపండి. ఇసుక నేలకు ఇందులో సగంతో మొదలుపెట్టండి. గోడలకు వేసే తడి సున్నం అయితే ముప్పావు వంతు చాలు, అది చేతులు, కళ్లు కాలుస్తుంది, జాగ్రత్త. పీహెచ్ 7 దాటిన నేలకు సున్నం వేయకండి. జింకు, ఇనుము అందక మొక్కల ఆకులు పసుపు రంగుకు పాలిపోతాయి, దానికి తోడు ఆర్సెనిక్ ఉన్న నేలల్లో అది ఇంకా కదులుతుంది. నల్లరేగడికి దాదాపు ఎప్పుడూ సున్నం అవసరం రాదు.

జిప్సం సున్నం కాదు. ఎరువుల షాపులో "అదీ కాల్షియమే కదా" అని ఇస్తారు. దానితో పీహెచ్ పెరగదు.

సేంద్రియం: బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్టు గానీ చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. పచ్చి పేడ నీళ్లు, సగం కుళ్లిన ఎరువు వద్దు. వాటిలో కరిగే సేంద్రియ పదార్థం రాగిని, సీసాన్ని వెంటబెట్టుకుని కిందికి మోసుకుపోతుంది. సేంద్రియం ఏటా కరిగిపోతుంది కాబట్టి ఏటా వేయాలి. ఒకసారి వేసి మర్చిపోతే పట్టిన లోహం మళ్లీ బయటికొస్తుంది.

చవగ్గా వస్తుందని డంప్ యార్డ్ కంపోస్టు గానీ, బయోమైనింగ్‌లో (పాత చెత్త గుట్టను తవ్వి వేరు చేసే పనిలో) జల్లించిన మట్టి గానీ రిపోర్టు చూడకుండా కొనకండి. కంపోస్టుకు ప్రభుత్వ ప్రమాణం కిలోకి సీసం 100, కాడ్మియం 5, నికెల్ 50, క్రోమియం 50 మిల్లీగ్రాములు దాటకూడదు. అమ్మేవాళ్లను ఆ బ్యాచ్ రిపోర్టు అడగండి. ఇవ్వకపోతే వద్దనండి. విషం తగ్గించడానికి వేసిన ఎరువే విషం మోసుకొస్తే ఎంత అన్యాయం!

భాస్వరం: సీసం ఎక్కువగా ఉండి, ఆర్సెనిక్ లేదని రిపోర్టు చెబితేనే. ఎముకల పొడి మంచిది. భాస్వరంతో కలిసి సీసం దాదాపు కరగని ఖనిజంగా మారుతుంది. ఆర్సెనిక్ ఉంటే మాత్రం భాస్వరం దాన్ని తోసి బయటికి పంపుతుంది.

క్రోమియం సంగతి వేరు. ఆరు వేలెన్సీ క్రోమియం (క్రోమియంలో ఎక్కువ విషమైన రూపం) రుణావేశంతో తిరుగుతుంది కాబట్టి బంక దాన్ని పట్టదు, సున్నం పనిచేయదు. సేంద్రియం దాన్ని మూడు వేలెన్సీకి మారిస్తేనే ఆగుతుంది. మీ ప్రాంతంలో తోళ్ల, క్రోమేట్ వ్యర్థాలు కలిసిన అనుమానం ఉంటే ల్యాబ్‌లో ఆరు వేలెన్సీ క్రోమియం విడిగా అడగండి.

ఇక గోదాం తలుపు మనమే తెరిచే పనులు. ఏళ్ల తరబడి అమ్మోనియం సల్ఫేట్, యూరియా దండిగా వేస్తే నేల ఆమ్లమవుతుంది. ఉప్పు నీరు పెడితే క్లోరైడ్ కాడ్మియంను విడదీసి కరిగిస్తుంది. నీరు నెలల తరబడి నిలిస్తే ఇనుప ఆక్సైడ్లు కరిగి వాటిని అంటుకున్నవి కూడా వదులుతాయి. మైక్రోన్యూట్రియెంట్ పేరుతో ఈడీటీఏ మందులు ఇలాంటి నేలలో వాడొద్దు, లోహాలను కరిగించి పట్టుకోవడమే ఈడీటీఏ పని.

నల్లరేగడి వాళ్లకు ఇంకొక మాట. మీ నేల బంక ఎంత గొప్పదైనా, ఎండాకాలం చేయి దూరేంత పగుళ్లు వస్తాయి. తొలకరి వానతో వచ్చే మురుగు ఆ పగుళ్లలోంచి బంకను తాకకుండానే నేరుగా కిందికి పోతుంది. వేసవిలో పైపైన దున్ని గానీ, గడ్డి, ఆకులు పరిచి గానీ పగుళ్లు పూడ్చండి.

8. ఏం పెంచాలి, ఏం వద్దు

సీసం 200 దాటినా, కాడ్మియం 3 దాటినా ఆకుకూరలు, దుంపలు ఆ మట్టిలో పెంచకండి. పాలకూర, తోటకూర కాడ్మియంను బాగా లాగుతాయి. ముల్లంగి, క్యారెట్‌కు మట్టే అంటుకుని ఉంటుంది. బెండ, బీర, సొర, చిక్కుడు, టమాటా లాంటి కాయలు కొంత మెరుగు. ఆకుకూరలే కావాలంటే 30 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టి, అడుగున మందపాటి షేడ్ నెట్ పరిచి, బయటి మంచి మట్టి నింపండి.

వరి పొలమైతే మరో చిక్కు. నీరు తీసి ఆరబెడితే కాడ్మియం గింజలోకి ఎక్కువగా వెళ్తుంది, నీరు నిలబెడితే ఆర్సెనిక్ వెళ్తుంది. ఆర్సెనిక్ లేని చోట పూత నుంచి గింజ పాలు పోసుకునే దాకా పొలంలో నీరు ఉంచండి.

ఆవాలు, పొద్దుతిరుగుడు వేస్తే మట్టి శుభ్రమవుతుందని చదివి చాలామంది వేస్తారు. లాగుతాయి, నిజమే, కానీ కొద్దికొద్దిగా. ఏళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది. ఆ మొక్కల్ని తినకూడదు, గొడ్లకు వేయకూడదు, తగలబెట్టకూడదు. గట్ల మీద వట్టివేరు పెంచడం మాత్రం మంచి పని, లోహం పట్టిన మట్టి వానకు కొట్టుకుపోకుండా ఆపుతుంది.

9. పని జరిగిందా అని చూసుకోవడం

సున్నం వేసిన మూడు నెలలకు పీహెచ్ చూడండి. 6.5 నుంచి 7 మధ్య ఉంటే చాలు. ఒక పంట కాలం తర్వాత అదే మడిలో, అదే లోతులో, అదే ల్యాబ్‌తో డీటీపీఏ చేయించండి. అది తగ్గాలి.

మొత్తం లోహం తగ్గదు. తగ్గకూడదు కూడా, మనం దాన్ని అక్కడే కట్టిపడేశాం. "ఇంత చేసినా సీసం 180 నుంచి 178కే వచ్చింది" అని నిరాశపడి అన్నీ మానేసేవాళ్లున్నారు. దయచేసి ఆ అంకెను చూసి మానేయకండి, చూడాల్సింది డీటీపీఏ. ఒకవేళ ఒక్క ఏడాదిలో మొత్తం లోహమే బాగా తగ్గిపోతే అప్పుడు కంగారుపడండి, అది నీళ్లలోకి వెళ్లిందేమో చూడండి.

పండిన కూరను కూడా పరీక్షకు పంపండి. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఆకుకూరల్లో కిలోకి సీసం 0.3, కాడ్మియం 0.2 మిల్లీగ్రాములు, పచ్చి బరువు మీద. చాలా ల్యాబ్‌లు ఎండబెట్టిన బరువు మీద అంకె ఇస్తాయి. ఆకుకూరలో దాదాపు 90 శాతం నీరే కాబట్టి, ఎండు బరువు అంకెను పదితో భాగించి పోల్చాలి. ఇది తెలియక పంట మొత్తం పీకేసేవాళ్లూ ఉన్నారు, అసలు పోల్చకుండా తినేసేవాళ్లూ ఉన్నారు.

బోరు నీటి సంగతి

మట్టి బాగా పట్టినంత మాత్రాన బోరు సురక్షితం అనుకోవద్దు. హైదరాబాద్ చుట్టూ గ్రానైట్ రాయి, పైన పలుచని ఎర్రమట్టి, మొరం. రాతి పగుళ్లలో నడిచే నీటికి బంక తగలదు. అందుకే ఒక చిట్కా: లోహాల కంటే ముందు క్లోరైడ్ వస్తుంది, ఎందుకంటే మట్టి దాన్ని అసలు పట్టదు. రెండు మూడు నెలలకోసారి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), క్లోరైడ్ చూసి రాసి పెట్టుకోండి. అవి సీజన్‌తో సంబంధం లేకుండా పెరుగుతూ పోతుంటే, లోహాలు ఇంకా కనిపించకపోయినా లీచేట్ మీ బోరు దాకా వచ్చిందనే అనుకుని నీటిలో లోహాల పరీక్ష చేయించండి. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 10500 ప్రమాణం లీటరుకు సీసం 0.01, కాడ్మియం 0.003, నికెల్ 0.02, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాములు. ఆ నీటిని మరిగిస్తే లోహం పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

పిల్లలున్న ఇల్లు

సీసం ఎక్కువగా మొక్క ద్వారా కాదు, మట్టి చేతుల ద్వారా, దుమ్ము ద్వారా పిల్లల నోట్లోకి వెళ్తుంది. ఖాళీ మట్టి కనిపించకుండా గడ్డి గానీ, బండలు గానీ పరచండి. చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఇల్లు పొడి చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవండి. పైమట్టిలో సీసం 200 దాటితే ఆరేళ్ల లోపు పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, లేదా అంతకు మించి ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అప్పుడు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ మట్టి రిపోర్టు, నీటి రిపోర్టు రెండూ వెంట తీసుకెళ్లండి.